గొంగళి పరచిన కారు

ఆ రొద పోతే తను ఇక ఎక్కడ మాట్లాడాలి? ఎవరో దొర అమ్మిపోయిన పాత కారులో వెనక సీటున కూర్చుని, ఇంజను హోరు చాటున మంజులమ్మ ముందు కూర్చుని కారు నడిపే మొగుడు ముత్యాలప్పను తిడుతుంది. ఇంట్లో నోరెత్తదు. మొగుడి పేరు పలికిన ఆడది వాళ్ళ ఊళ్ళోనే లేదు. కారు కదిలితే మాత్రం పేరు పెట్టి మరీ తిడుతుంది.

ఆ హోరు అణచాలని ముత్యాలప్ప కారును హోసూరు షెడ్డుకు తెచ్చాడు. మెకానిక్ గోవిందప్ప కారు లోపల నేలంతా తారు పూసిన అట్ట అతికించి, తల పైకెత్తాడు.

"దీనిపైన ఏం పరిచేదప్పా? కొబ్బరిపీచా, గొంగళా?"

"ఏది పరిస్తే సద్దు చస్తుందో అది," అన్నాడు ముత్యాలప్ప.

"పీచు చాల్లే," అంది మంజులమ్మ.

"నిన్నెవరు అడిగినారు? గొంగళే వెయ్యి గోవిందప్పా. రెండు మడతలు."

పని అయ్యాక గోవిందప్ప చేతులు తుడుచుకున్నాడు. "ఇద్దరూ అట్ల సూళగిరి దావలో పోయి చూసి రాండి."

కారు బయల్దేరింది. హోరు ఎక్కడో అడుగున మూలిగింది. మంజులమ్మ అలవాటుగా పెదవులు విప్పి, భయపడి మూసుకుంది.

అప్పుడు ముందు సీటు నుంచి గొణుగుడు వినిపించింది.

"రాయి. రాయిని కట్టుకున్నాను. ఇన్నేండ్లలో ఒక్క మాటకన్నా ఎదురు చెప్పిందా? తిట్టినా మేలే కదా, పాపిష్టిది..."

అయితే ఇన్నేళ్ళూ ఇద్దరూ ఒకే హోరులో ఒకరినొకరు తిట్టుకుంటూనే వచ్చారన్నమాట. ఆమెకు జాలి కలగలేదు. ఒళ్ళు మండింది.

పాత అలవాటుకొద్దీ అతను గొంతు చించుకుని అరిచాడు. "ఏమే, ఏమన్నా వినబడతా ఉందా?"

మంజులమ్మ ముందుకు వంగి, అతని చెవి దగ్గర నెమ్మదిగా అంది.

"అంతా వినబడతా ఉంది, ముత్యాలప్పా."