పొద్దు గుంకే దాకా

“అక్కా, ఇగ మూడోది పెట్టు,” అంది చెల్లె అశ్రిత, మంచం మీద నుంచే.

పొద్దు గుంకగానే లేచి రక్తం తాగే ఆ పిశాచి జమీందారు పాత సినిమాలన్నీ మాకు కంఠతా వచ్చు. పొద్దున్నుంచి రెండు అయిపోయాయి. సీడీ మార్చి మళ్లీ గోడ గడియారం చూశాను.

తెర మీద ఊరంతా భయంతో తలుపులు మూసుకుంటోంది.

“పాపం, ఆయన మాత్రం ఏం జేస్తడక్కా? ఆకలి.”

“నీకెప్పుడూ వాడి మీదే జాలి.”

“నాకు గాకుంటే ఇంకెవలికుంటది?”

నవ్వింది. పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నెలనెలా ఎక్కించే రక్తం ఈసారి దొరకలేదు. నాది కలవదు. మేడ్చల్‌లో మాకు తెలిసి ఆ గ్రూపు ఆటో నడిపే సర్ఫరాజ్ భాయ్ ఒక్కడిదే. పొద్దున్నే ఆస్పత్రికి వెళ్లి రక్తం తీసుకొమ్మని చెయ్యి చాపాడట. రంజాన్ నెల కదా, రోజా ఉన్నాడు, పొద్దు గుంకే దాకా ఏమీ తినడు. ఖాళీ కడుపుతో ఉంటే రక్తం తియ్యం అని వాళ్లు తిప్పి పంపారు.

“ఇఫ్తార్ గాంగనే పోయి ఇస్త. పరేషాన్ గాకుండ్రి,” అని నాయినకు చెప్పి వెళ్లాడు.

అశ్రిత కళ్లు మూతలు పడుతున్నాయి. సినిమాలో ఫాదర్ శిలువ పట్టుకుని, ఈ ఒక్కరోజు సూర్యుణ్ణి ఆపమని దేవుణ్ణి వేడుకుంటున్నాడు. మా కిటికీలో ఎండ ఇంకా తగ్గలేదు.

కాన్వెంటులో నేర్పిన ప్రార్థన నాకూ వచ్చు. చేతులు జోడించాను.

ప్రభువా, ఆ ఫాదర్ మాట వినకు. జల్దీ పొద్దు గుంకనీ.