బీరపందిరి వెనక కసువు కుప్ప

“చెయ్యి పెట్టొద్దురా!”

గోడ అవతలి నుంచి బాలప్ప వేసిన కేకకు ఎర్రన్న చేయి గాలిలోనే ఆగిపోయింది.

పెరట్లో నడుమెత్తు కసువు కుప్ప. ఎండిన తీగలు, శనక్కాయ పొట్టు, కందికట్టె, తుమ్మకంప, ఏది పడితే అది. రెండేళ్లుగా వాన మొహం చూడని ఆ పల్లెలో ఆ ఇంటి పెరట్లో పచ్చగా ఉన్నది బీరపాదు ఒక్కటే. అంట్లు తోమిన నీళ్లు, కాళ్లు కడుక్కున్న నీళ్లు అన్నీ దానికే. దాని పందిరికీ వెనక గోడకూ నడుమ ఒక మనిషి పట్టేంత సందు. ఆ సందు మొదట్లోనే ఉంది కుప్ప.

“కుప్ప ఎత్తేదానికి ఒక పద్ధతుండాది,” అన్నాడు బాలప్ప, గోడ మీద గడ్డం ఆనించి. డెబ్బై దాటిన ముసలాయన. పూటకొక కోత కోయకపోతే ఆయనకు ముద్ద దిగదు. “ముందు పొడుగు కట్టెతో కదిలించు. ఒక పక్క నుంచే తీసుకుంటా రా. రెండో పక్క దోవ ఇడువు.”

“దోవ ఎవరికి తాతా?” అన్నాడు ఎర్రన్న.

“లోపలుండేదానికి. చిలమత్తూరు కాడ ఒకడు చూసుకోకుండా చెయ్యి పెట్టినాడు. బీరతీగ అనుకోని బయటికి లాగినాడు. పందిరికి చుట్టి నారతో కట్టినాడు. మూడు దినాలు నీళ్లు గూడా పోసినాడు. నాలుగో దినం తీగ పడగెత్తింది!”

మామూలు రోజుల్లో అయితే ఎర్రన్న పడీపడీ నవ్వేవాడు. ఊళ్లో ఎవరింట్లో పాము దూరినా కబురొచ్చేది అతనికే. ఒక్క దెబ్బ, అంతే. రెండో దెబ్బ వేయడం ఎవరూ చూడలేదు. ఇప్పుడు మాత్రం కుప్పలో ఎండుటాకు కదిలినా వెనక్కి గెంతుతున్నాడు.

పెళ్లయిన పదేళ్లకు అతని భార్య బయమ్మ నెల తప్పింది. పెండ్లాం కడుపుతో ఉండగా మగడు పామును కొడితే ఆ దెబ్బ కడుపులోని బిడ్డకే తగులుతుందని ఆ పల్లెలో అందరికీ తెలుసు. ఎర్రన్నకు మరీ ఎక్కువగా తెలుసు. పోయిన నెల సొంత పెదనాయన పోతే పాడె పట్టలేదు. దారిలో చీమల బారు కనబడినా చుట్టు తిరిగి పోతున్నాడు.

“కాల్చేద్దునా తాతా?”

“కాలిస్తే బూడిద. పాతిపెడితే ఎరువు. గ్రామసేవకుడు చెప్పింది ఇనలేదా? నడుము లోతు గుంత తవ్వు. ఒక వరస కసువు, దాని మీద పేడనీళ్లు, మళ్లా కసువు. పైన మన్నుతో మెత్తు. మూడు నెలలకు తీసి పాదుకు ఏసి చూడు, కాసిన బీరకాయ మొయ్యను ఇద్దరు మనుషులు కావాల.”

గుంత ఎర్రన్న పొద్దున్నే తవ్వి పెట్టాడు. ఇదంతా తల్లి తిప్పమ్మ హుకుం. ‘బిడ్డ పాకే నాటికి దొడ్డి అద్దం మాదిరి ఉండాల’ అంది. మూడు నెలల కిందట ఇదే తిప్పమ్మ కదిరి పక్క పల్లెలో కొడుక్కి రెండో పిల్లను చూసి, తాంబూలాలకు రోజు కూడా పెట్టుకొచ్చింది. ఆ వారమే బయమ్మ వాంతి చేసుకుంది. మర్నాడే తిప్పమ్మ ఆ సంబంధం వద్దని కబురంపింది. అప్పటినుంచి కోడలిని కడవ కూడా ఎత్తనివ్వడం లేదు.

ఎర్రన్న కట్టెతో కుప్పను కదిలించాడు. ఏమీ లేదు. ఒక బుట్ట ఎత్తి గుంతలో పోశాడు. రెండో బుట్ట. చెమట కళ్లలోకి కారుతోంది. వెనక సందులో గాజుల చప్పుడు వినబడి తలెత్తాడు. అటు కొస నుంచి సందులోకి వచ్చి, పందిరి పక్కన తల్లి!

“అమ్మా, ఈడికెందుకొచ్చినావు? పో, లోపలికి పో!”

“నీ పెండ్లానికి బీరకాయ పచ్చడి తినాలని ఉండాదంట. బిడ్డ అడుగుతాంటే నీ మాట ఎవరింటారు?” అంటూ తిప్పమ్మ కాయకు చేయి చాపింది.

కుప్ప అడుగున ఏదో బరువుగా జారింది. నాగుపాము. విడిచిన దోవలోనే బయటికొచ్చింది. ఆ దోవ తిప్పమ్మ నిలుచున్న సందులోకే. మూరెడు దూరంలో ఆమెను చూసి పడగ విప్పింది.

“కదలొద్దు తిప్పమ్మా!” బాలప్ప గొంతులో వేళాకోళం పోయింది. గోడ ఇవతలికి రావాలంటే ఆయన వీధంతా చుట్టి రావాలి.

తిప్పమ్మ వీపు గోడకు ఆనింది. గాలికి ఆమె కొంగు ఊగుతోంది. కొంగు ఎటు ఊగితే పడగ అటే తిరుగుతోంది. ఎర్రన్న నాలుగడుగులు వెనక్కి వేసి దారి ఇచ్చి చూశాడు. పాము ఇటు తిరగలేదు.

“కొట్టురా! దేనికి చూస్తాండావు?” అరిచాడు బాలప్ప.

ఎర్రన్న ముందుకొచ్చి కట్టె ఎత్తాడు. దెబ్బ అందేంత దగ్గరలోనే ఉంది పడగ. చేతులు మాత్రం దిగడం లేదు. కళ్ల ముందు ఒకసారి తల్లి, ఒకసారి ఇంకా మొహమైనా చూడని బిడ్డ.

“కొట్టొద్దు నాయనా,” అంది తిప్పమ్మ, పెదవి కదిపీ కదపకుండా. “నేను బతికినన్ని దినాలు బతికినా. నా మనవణ్ని బతకనీ.”

కేకలు విని బయమ్మ పెరటి గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది. పామును చూసింది. అత్తను చూసింది. గాలిలో ఆగిపోయిన కట్టెను చూసింది. పాము కాటు వేయడానికి పడగ వెనక్కి వాల్చింది. బయమ్మ రెండు చేతులతో గుమ్మం పట్టుకుని అరిచింది.

“కొట్టు మామా, నా కడుపులో ఏమీ లేదు!”