తాత అడుగు

"గోడ పడిపోతోందా అన్నా, అలా పట్టుకుని నిలబడ్డావు?"

అబూ రాకాన్ ఉలిక్కిపడి గోడ మీంచి చేతులు తీసేశాడు. గుమ్మంలో ఫవ్వాజ్, బాబాయి కొడుకు, పళ్ళికిలిస్తూ నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఏమో, పిల్లిలా!

"గట్టిగా ఉందో లేదో నెట్టి చూస్తున్నా. పెళ్ళికొచ్చిన నలుగురూ ఆనుకునే గోడ."

"దానికి ఒక కాలు ముందుకీ ఒక కాలు వెనక్కీ పెట్టాలా?"

"నీకెందుకురా? కాఫీ తాగి పో."

తాగి పోయాడు. పోతూ పోతూ మళ్ళీ ఆ గోడవైపు ఓ చూపు చూసి మరీ పోయాడు. అబూ రాకాన్‌కి ఒళ్ళు మండింది.

అసలు సంగతి మడమ. పొద్దున్నే పక్క దిగి మొదటి అడుగు వేస్తే చాలు, మేకు దిగినట్టుండేది. నాలుగడుగులు నడిస్తే కాస్త సర్దుకునేది, కూర్చుని లేస్తే మళ్ళీ మొదలు. చివరికి ఇర్బిద్ పట్నం వెళ్ళి ఓ డాక్టరమ్మకి చూపించుకున్నాడు.

"మడమ నుంచి వేళ్ళదాకా అరికాల్లో ఓ పట్టీ ఉంటుంది, అది దెబ్బతింది," అందావిడ. "లేచే ముందు తువ్వాలు వేసి కాలివేళ్ళని మీదికి లాగండి. గోడకి చేతులానించి పిక్క సాగదీయండి. గడ్డకట్టిన నీళ్ళసీసా పాదం కింద దొర్లించండి. గచ్చు మీద వట్టికాళ్ళతో తిరగకండి. నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి. ఇంతకీ మీరేం చేస్తుంటారు?"

"దబ్కేలో ముందుండి ఆడిస్తాను."

ఆవిడ కలం కింద పెట్టేసింది. "మడమతో నేల దద్దరిల్లేలా తొక్కే ఆటేగా? మానెయ్యండి."

మానెయ్యడమట! ఊళ్ళో ఏ పెళ్ళయినా, చేతులు పట్టుకున్న వరస ముందు తస్బీ జపమాల పూసలు తిప్పుతూ నిలబడేది అబూ రాకానే. అతను ఏ అడుగు వేస్తే వరసంతా అదే అడుగు. పైగా ఇప్పుడు జరిగేది సొంత కూతురి పెళ్ళి. కుంటుతున్నాడని తెలిస్తే ఆ పూసలు ఫవ్వాజ్ చేతికి పోతాయి. వాడు ఎప్పట్నుంచో కాచుక్కూర్చున్నాడాయె!

"కూతురికంటే నీకా పూసలే ఎక్కువ," అని భార్య సణిగింది.

పెళ్ళిరోజు మిజ్విజ్ బూర మోగింది. మొదట్లో బాగానే సాగింది. ఊపులో గట్టిగా మడమ కొట్టాడు, ప్రాణం పోయినంత పనయింది. కేకని పళ్ళ మధ్య నొక్కేసి, మడమ ఎత్తి వేళ్ళ మీద ఆగి, తాళానికి కాస్త వెనకగా కాలు ఈడ్చాడు. అయిపోయింది, పరువు బజారున పడింది అనుకుంటూ వెనక్కి చూశాడు.

వరసంతా వేళ్ళ మీద ఆగి కాలు ఈడుస్తోంది! ఆడవాళ్ళు సంబరంగా నాలుకలాడిస్తూ కూతలు పెట్టారు.

"ఈ అడుగెక్కడిది అన్నా?" ఆట అయ్యాక ఫవ్వాజ్ అడిగాడు.

"మన తాతది. అప్పటికి నువ్వు పుట్టలేదులే."

"ఓహో, తాతదా!" అంటూ ఫవ్వాజ్ అతని బూట్లవైపు చూశాడు.

ఆ చలికాలంలో తాత అడుగు చుట్టుపక్కల ఊళ్ళకి కూడా పాకింది. అబూ రాకాన్ మాత్రం భయం పట్టుకుని బుద్ధిగా గోడ నెట్టాడు, సీసా దొర్లించాడు, ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వదల్లేదు. ఎండలు ముదిరేసరికి పొద్దున్నే మొదటి అడుగు హాయిగా పడింది.

అప్పుడొచ్చింది ఫవ్వాజ్ కొడుకు పెళ్ళి. అబూ రాకాన్ పూసలు తిప్పుతూ నేల అదిరేలా మడమ కొట్టాడు. ఎన్నాళ్ళకి! ఒక్కరూ కూత పెట్టలేదు.

"తాత అడుగు వెయ్యండి!" కుర్రాళ్ళు అరిచారు.

సరేనని కుంటబోయాడు. రాలేదు. బాగైన కాలు మాట వింటేనా? మడమ దానంతటదే వెళ్ళి నేలకి తగులుతోంది.

"పెద్దాయన మర్చిపోయాడ్రా," ఎవరో నవ్వారు.

ఫవ్వాజ్ వచ్చి పూసలు అందుకున్నాడు. "నువ్వు కూర్చో అన్నా."

ఇక ఆడాడయ్యా ఫవ్వాజ్! వేళ్ళ మీద ఆ ఆగడం, ఆ ఈడ్పు, ఆఖరికి మొహంలో ఆ బాధ కూడా!

"అచ్చం మీ తాతే!" అంటూ ముసలి మేనత్త కళ్ళొత్తుకుంది.

తాత జన్మలో అలా ఆడలేదని చెప్పడానికి అబూ రాకాన్‌కి నోరెక్కడిది? కాలు బాగుపడి నేను చెడ్డాను అనుకుని కుర్చీలో కుమిలిపోయాడు.

పాట ఆగింది. ఫవ్వాజ్ అందరికీ చెయ్యూపుతూ వచ్చి పక్క కుర్చీలో కూలబడ్డాడు.

"తీసుకున్నావుగా, ఇక నీ దగ్గరే ఉంచుకో," అబూ రాకాన్ మొహం తిప్పుకున్నాడు.

ఫవ్వాజ్ పూసలు అతని ఒళ్ళో పెట్టేశాడు. ఎవరూ చూడకుండా బూటు విప్పి, మడమ నొక్కుకుంటూ అన్న చెవి దగ్గరికి వంగాడు.

"అన్నా, ఆ గోడని ఎన్నాళ్ళు నెట్టావు?"