బొమ్మ పడాల్సిందే

మిరపతోటలో గుడిసె ముందు వేసిన మంచం మీంచి వీరభద్రం సారు లేచాడు. దారి వైపు చూశాడు. మళ్లీ కూర్చున్నాడు. పొద్దుటి నుంచి ఇది ఎన్నోసారో ఆయనకే లెక్క తెలియదు. పేరుకు మాత్రం లెక్కల సారు.

"జర నిమ్మళంగ కూసోండ్రి సారూ. ఊకె దారి దిక్కు చూస్తాండ్రు, ఎవలన్న వచ్చేదున్నదా?" అన్నాడు మొగిలయ్య.

"ఎవరూ లేరు. నువ్వు నా మాట విను ముందు."

నిమ్మళం ఎక్కడి నుంచి వస్తుంది? ఎమర్జెన్సీ రోజులు. బళ్లో పనిచేసే ప్రతి పంతులూ కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కి ఒక మనిషిని తీసుకురావాలని పైనుంచి ఆర్డరు. తేలేని వాడు తానే ఆపరేషన్ బల్ల ఎక్కాలి. లేదంటే ఏటూరునాగారం అవతల, బస్సు కూడా పోని అడవి బడికి బదిలీ. క్యాంపు రేపే. మిగతా సార్లంతా ఎవరో ఒకరిని ఎప్పుడో పట్టేసుకున్నారు. వీరభద్రానికి మిగిలింది ఖిలా వరంగల్‌లో మట్టికోట పక్కన మిరపతోట చేసుకునే ఈ మొగిలయ్య ఒక్కడే. ముగ్గురు ఆడపిల్లల తండ్రి.

మొగిలయ్యేమో ససేమిరా అంటున్నాడు.

"ముగ్గురు ఆడపిల్లలైండ్రు సారూ. వాళ్ల వంతు అయిపోయింది. ఇగ నాలుగోది కొడుకే."

"వంతేందయ్యా? ఇదేమన్న బాయికాడ నీళ్ల వంతా?"

"గంతే గద సారూ! మూడు దినాలు మా అన్న పారిచ్చుకుంటడు. నాలుగో దినం నాది. ఎవలు కాదంటరు?"

వీరభద్రానికి నెత్తి బాదుకోవాలనిపించింది. పదో తరగతి పిల్లలకు ఏడాదికేడాది చెప్పే పాఠం ఇది. మిరపతోటలో చెప్పాల్సి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. జేబులోంచి పది పైసల బిళ్ల తీశాడు.

"బొమ్మ పడితే కొడుకనుకో. బొరుసు పడితే బిడ్డ. ఎగరెయ్యి."

మొగిలయ్య ఎగరేశాడు. బొరుసు. మళ్లీ బొరుసు. మూడోసారీ బొరుసే.

"ఇప్పుడేం పడుతది?"

"ఇగ బొమ్మ పడాల్సిందే!" మొగిలయ్య కళ్లు మెరిశాయి.

బొరుసు పడింది.

"మూడుసార్లు బొరుసు పడ్డనని బిళ్లకేమన్న యాదికుంటదా మొగిలయ్యా? అది ప్రతిసారీ కొత్తగనే పడుతది. ప్రతిసారీ సగం సగం. కడుపుల పిల్ల గూడ అంతే. అక్కలు ముగ్గురున్నరని దానికెట్ల తెలుస్తది?"

"ఒక్కసారికే ఏం దెలుస్తది సారూ?"

ఆ ప్రశ్నకు మాత్రం వీరభద్రం ముచ్చటపడ్డాడు. బళ్లో ఏ పిల్లాడూ అడగలేదది. పలకా బలపం తెమ్మన్నాడు. మొగిలయ్య ఎగరేస్తూ ఉండాలి. వరసగా మూడు బొరుసులు పడిన ప్రతిసారీ, ఆ తర్వాత ఏం పడిందో సారు రాస్తాడు.

గంటకు పైగా ఎగరేశారు. నూట ముప్పై సార్లు. మధ్యలో రెండుసార్లు సారు లేచి దారి దాకా పోయి వచ్చాడు. ఒకసారి దూరంగా సైకిలు బెల్లు వినపడితే బలపం జారవిడిచాడు. ఎవరో పాలవాడు.

మొగిలయ్య బిళ్ల ఆపి అడిగాడు. "మీరు చేయించుకున్నరా సారూ, ఆపరేషను?"

"నా సంగతి ఆఫీసర్లు చూసుకుంటరు. నువ్వు ఎగరెయ్యి."

చివరికి పలక తిప్పి చూపించాడు. వరసగా మూడు బొరుసులు పదిహేను సార్లు పడ్డాయి. ఆ తర్వాత బొమ్మ ఏడుసార్లు. బొరుసు ఎనిమిది.

మొగిలయ్య పలకను చాలాసేపు చూశాడు. చదువు రాదు గానీ గీతలు లెక్కపెట్టగలడు. వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. ఆ మొహం చూస్తే వీరభద్రానికి జాలేసింది. మనిషి దగ్గర ఉన్న ఒక్క ఆశనూ తన చేత్తోనే తీసేసుకున్నట్టు అనిపించింది.

"అంటే కొడుకు పుడుతడని పక్కా లేదన్నట్టు."

"లేదు."

"నాలుగోది బిడ్డయితే, ఐదోదానికి గూడ ఇదే లెక్కనా?"

"పదోదానికైనా ఇదే లెక్క. కొడుకు కోసం కనుకుంటపోతె ఇల్లు నిండుతది గని ఆశ నిండదు. లెక్క అర్థమైనోడు ఆ పని చెయ్యడు మొగిలయ్యా."

గుమ్మంలో నిలబడి అంతా వింటున్న మొగిలయ్య భార్య సమ్మమ్మ ముందుకొచ్చింది. చంకలో చిన్నది నిద్రపోతోంది.

"ఏలిముద్ర ఎయ్యి. మూడు కాన్పులకే నా పాణం సగమైంది. నేను చెప్తె ఎన్నడన్న విన్నవా? సారు బిళ్లతోని చెప్తె ఇంటివి."

మొగిలయ్య నిద్రపోతున్న చిన్నదాని తల నిమిరాడు. సారు చాపిన ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేశాడు. వేసి, ఆ వేలిని పంచెకు తుడుచుకుంటూ అటు తిరిగి నిలబడ్డాడు.

వీరభద్రం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. బదిలీ తప్పింది. బల్లా తప్పింది. సమ్మమ్మ చాయ పెడతానన్నా ఆగలేదు. సైకిలెక్కి, ఎదురుగాలిలో నిలబడి తొక్కుకుంటూ ఇంటికి చేరాడు.

వాకిట్లో ఎదురొచ్చిన మంత్రసాని బక్కమ్మ "ఐదోది గూడ ఆడపిల్లనే సారూ" అనగానే, లెక్కల సారు సైకిలు గోడకు ఆనించి, "అయితే ఇగ ఆరోది కొడుకే" అన్నాడు.