అడ్డనార తాడు

తాడు పోయింది ఆగస్టులో, ఒక శుక్రవారం, సంతనాడు. పోయిందని ఆ రోజు సోఫియాకు తెలియదు.

అది రెండువేల మూడో సంవత్సరం. అరకు కొండల్లో ఒక చిన్న ఆరోగ్య కేంద్రానికి సోఫియా మలేరియా సూపర్‌వైజరుగా బదిలీ మీద వచ్చి ఆరు నెలలైంది. పైన ఏడు గూడేలు. గూడేనికొక ఆరోగ్య కార్యకర్త. ఫోన్లు లేవు, జీపు ఎక్కే దారి లేదు. ఆ ఏడుగురిలో చాలామంది ముఖం ఆమె ఎరగదు.

శుక్రవారం సంతకు దిగేవాళ్ల చేత వాళ్లు కాగితాలు పంపేవారు. ఎవరికి జ్వరం వచ్చింది, ఎన్ని మాత్రలిచ్చారు, అన్నీ గళ్లలో రాయాలి. గళ్లలో జ్వరాలు పెరిగితే డాక్టరు కొండెక్కుతాడు. లేకపోతే గూడేనికి ఇరవై మాత్రల పొట్లం, అంతే.

అప్పారావు అనే కార్యకర్త కాగితం అచ్చు గుద్దినట్టు ఉండేది. సోఫియా దాన్ని అందరికీ చూపించేది.

ముంతగుడ కార్యకర్త గాసి కాగితం ఖాళీగా వచ్చేది. జాబితాలో అతని పేరు పక్కన ఐదో తరగతి అని ఉంది.

దాన్ని ఒక ముసలాయన తెచ్చేవాడు. కాగితాన్ని గొట్టంలా చుట్టి, అడ్డాకు తీగ నారతో పేనిన తాడుతో కట్టి, రెండు చేతులతో అందించేవాడు. తాడు నిండా ముడులు.

"ఆ గాసి మనకంటే పెద్ద ఆఫీసరమ్మా. తాను దిగడు, తాతని తోలుతాడు," అనేవాడు అటెండరు వరహాలరావు.

"ఈసారైనా రాసి పంపమని గాసికి చెప్పు తాతా," అనేది సోఫియా.

"సెప్తానమ్మా."

వెళ్లేముందు ప్రతివారం ఆయన అడిగే మాట ఒకటే.

"తాడు సూసేరా?"

"చూశాను. గట్టిగా ఉంది."

ఆయన తృప్తిగా తలూపి మెట్లు దిగేవాడు. తాడు నిజంగానే గట్టిది. ఆమె ఫైళ్లన్నీ ఆ తాళ్లతోనే కట్టి బీరువాలో పెట్టేది.

ఆ శుక్రవారం తాడు మరీ పొడుగ్గా ఉంది. కాగితానికి నాలుగు చుట్లు తిరిగింది. కాగితం మాత్రం ఎప్పటిలాగే ఖాళీ.

"ఇక లాభం లేదు తాతా. గాసి పేరు తీసేసి వేరే మనిషిని పెడతాను. చెప్పు."

ముసలాయన వరండా స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. ఒళ్లు వణుకుతోంది. వానలో తడిసి వచ్చాడు కదా అనుకుంది.

"తాడు సూసేరా?"

"చూశాను. ఈసారి బాగా పొడుగుంది."

"పొడుగేనమ్మా. బేగి రండి."

"వస్తాంలే," అంది. వెళుతూ వెళుతూ తొందరగా రమ్మని పిలవడం కొండవాళ్లకు మామూలే.

ఆయన మాత్రల పొట్లం రొంటిన దోపుకుని వెళ్లిపోయాడు. ఆమె గాసి పేరు మీద గీత గీసింది. ఏడు గూడేల కాగితాలూ ఒక కట్ట చేసి, పైన 'జ్వరాలు మామూలే' అని రాసి, ఆ పొడుగు తాడుతోనే బిగించి జిల్లా కార్యాలయానికి పంపేసింది.

పన్నెండు రోజుల తరువాత, ముంతగుడలో మనుషులు పోతున్నారని కబురొచ్చింది.

సోఫియా, డాక్టరు నాలుగు గంటలు నడిచారు. దారిలో అప్పారావు గూడెం తగిలింది. అప్పారావు అక్కడికి రాక రెండు నెలలైందని ఎవరో చెప్పారు.

ముంతగుడలో ఏడుగురు పోయారు. డాక్టరు బతికున్నవాళ్ల దగ్గరికి వెళ్లాడు. సోఫియా ఒక గుమ్మం ముందు ఆగింది. సోములమ్మ అనే ముసలామె అక్కడ కూర్చుని ఉంది.

"మాకు తెలియదమ్మా," అంది సోఫియా. "గాసి ఒక్క ముక్క రాసి పంపినా వచ్చేవాళ్లం."

సోములమ్మ గుమ్మానికి వేలాడుతున్న తాడును చూపించింది. దానికి నాలుగు ముడులున్నాయి.

"ఇది పెళ్లి పిలుపు. పెళ్లికి పిలిస్తే, ఎన్నాళ్లుంటే అన్ని ముడులేసి తాడు పంపుతాం. రోజుకోటి ఇప్పుకుంటాం. జొరానికీ అంతే. మనిసికో ముడి. ముడిమీద ముడేస్తే ఆ మనిసి లేడని. నీకు ఆకర్న పంపిన తాడుకి ఇరవైమూడు. నానే ఒళ్లో ఎట్టుకుని నెక్కెట్టినాను."

సోఫియా గుమ్మం తాడు ముడులు ఒక్కొక్కటే తడిమింది.

"ఆ తాడు తెచ్చేవా?" అడిగింది సోములమ్మ. "మాట అందినోల్లే ముడులిప్పాల. ఇప్పకపోతే అందనట్టే."

"గాసి ఎక్కడ?"

సోములమ్మ చోడి చేను అవతలికి చూపించింది. అక్కడ కొత్తగా పేర్చిన రాళ్లు ఉన్నాయి.

చాలాసేపటికి సోఫియాకు ఇంకో మనిషి గుర్తొచ్చాడు.

"కాగితం తెచ్చే తాత బాగున్నాడా? ఆయన్నొకసారి పిలవండి. ఆయనతో మాట్లాడాలి."

సోములమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. గొంతు పెంచలేదు.

"ఆడే గాసి. నా పెనిమిటి. ఐదో తరగతని ఎవులో రాసీసినారు. రాత రాదని తెలిస్తే తీసేత్తారని నీకు సెప్పలేదు. అమ్మ తాడు సూత్తంది, మనకది సాలు అనీవోడు."

జిల్లా కార్యాలయానికి సోఫియా మూడు ఉత్తరాలు రాసింది. ఆ తాడు దొరకలేదు. దాని ముడులు ఇంతవరకూ ఎవరూ విప్పలేదు.