తుడిచేసిన అడుగులు

ఝాన్సీ నాలుగు అడుగులు వేసేలోపు, వెనకనుంచి ఆ మనిషి నాలుగూ తుడిచేశాడు.

రాణి చేతిలో చాట పట్టుకుని వాకిట్లో అలాగే నిలబడిపోయింది.

రెండేళ్ళ పిల్ల కళ్ళం వైపు పోతోంది. చెప్పులు లేని పాదాలు ఎర్రమన్నులో అచ్చులు వేస్తున్నాయి. ఆ మనిషి తంగేడు మండ పట్టుకుని, నడుము వంచి, ఒక్కో అచ్చునూ చెరిపేస్తున్నాడు. వాకిలి ఊడ్చే ఊపు కాదది. నిద్రపోయే బిడ్డకు దుప్పటి కప్పినంత మెత్తగా.

రాణి పరుగున పోయి పిల్లను చంకనేసుకుంది.

"ఏం చేస్తాండావప్పా?"

"తుడుస్తాండా తల్లీ. అది పైకొచ్చే పొద్దయింది."

"ఏది?"

ఆయన తల ఎత్తకుండానే వేలు పైకెత్తాడు. "ఉపగ్రహం. అవతలోళ్ళది. నేల మీద ఏ జాడున్నా ఫోటో పట్టుకొని పోతాది."

రాణి ఏడో తరగతితో బడి మానేసింది. ఆ మాట సైన్సు పుస్తకంలో చదివినట్టే గుర్తు. అందులో అది వాన కబురు చెప్పేది. బిడ్డల అడుగుల కోసం వస్తుందని ఎక్కడా రాయలేదు.

ఆయన ఊళ్ళోకి వచ్చి నెల కాలేదు. చెన్నేకొత్తపల్లి వైపు నుంచి నడిచొచ్చి, బస్సు షెల్టర్లో పడుకుంటున్నాడు. పెడితే తింటాడు. పేరు చెప్పడు. చీపురులా ఆ మండను ఎప్పుడూ చేత్తో పట్టుకునే తిరుగుతాడని ఊరంతా పొరకాయప్ప అంటారు.

సంగతి విని రాణి మొగుడు జయరాముడు నవ్వాడు.

"మన శెనక్కాయ కుప్ప చూసేదానికి ఆకాశానికి యంత్రం ఎగరేసినారంటనా? మార్కెట్ యార్డోళ్ళే చూడరు దాన్ని."

అతని తల్లి కుళ్ళాయమ్మ నవ్వలేదు.

"నవ్వాకురా. ఊర్లో ఇంతమంది పిల్లోళ్ళుంటే మన పాప అడుగులే యాల తుడుస్తాడు వాడు? పాదం కింద మన్ను తీసి చేతబడి చేసేటోళ్ళను నేను చూసినా."

ఆ మాట రాణిలో దిగబడిపోయింది. మొదటి కాన్పు బిడ్డ పురిట్లోనే పోయింది. అప్పట్నుంచి ఆమెకు అన్నీ భయాలే. ఝాన్సీ కాస్త ఎక్కువసేపు నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటుంది.

మర్నాడు పొద్దున్నే ఝాన్సీ ఒళ్ళు కాలిపోయింది. మధ్యాహ్నానికి కళ్ళు తేలేసింది.

పిల్లను అత్త ఒళ్ళో పెట్టి రాణే ముందు బయల్దేరింది. వెనక జయరాముడు, మరి కొందరు మగవాళ్ళు.

"నా బిడ్డ పాదం మన్ను యాడ పెట్టినావు?"

బస్సు షెల్టర్లో కూర్చున్న ఆ మనిషి నిదానంగా లేచాడు.

"మన్ను యాడిదాడనే ఉండాది తల్లీ. అడుగే పోయింది."

ఆ మాటకు మగవాళ్ళు కూడా జంకారు.

జయరాముడు ఆయన చొక్కా పట్టుకున్నాడు. "బిడ్డకేమన్నా అయితే నిన్ను ఈడనే పూడుస్తా."

"పాపకేమయింది?"

ఆయన రాణి వైపు తిరిగాడు.

"నేను లేనప్పుడు పాపను బయల్లో వదలాకు తల్లీ. దానికి కనపడతాది."

రాణికి అది శాపంలాగే వినిపించింది.

"పో. మళ్ళీ నా కంటికి కనపడాకు."

"కనపడను తల్లీ."

ఊరి వైపు ముఖం పెట్టి వెనక్కి నడుస్తూ వెళ్ళాడు, వేసిన ప్రతి అడుగునూ మండతో చెరుపుకుంటూ. ఆయన మలుపు తిరిగాక రాణి దారి వంక చూసింది. మనిషి నడిచిన గుర్తే లేదు.

పెనుకొండ ఆస్పత్రిలో మలేరియా అన్నారు. అదే వారం ఊళ్ళో ఇంకొందరికీ వచ్చింది. ఝాన్సీ లేచి తిరిగింది. పొరకాయప్ప మాట ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

కానీ ఝాన్సీ ఆడుకుని వచ్చాక ఆ చిట్టి అచ్చులు మన్నులో అలాగే ఉండేవి. వాటిని చూస్తే రాణికి వీపు వెనక ఎవరో చూస్తున్నట్టుండేది. కాసేపు ఓర్చుకునేది. తర్వాత చీపురు తెచ్చి తుడిచేది. ఎందుకు తుడుస్తోందో ఆమెకే తెలియదు.

ఒక సాయంత్రం అలా తుడుస్తుంటే, ధర్మవరం బస్సు దిగి వచ్చిన ఒకతను ఎదురుగా ఆగిపోయాడు. ఆమె చేతిలో చీపురు వంకే చూశాడు.

"ఇది నేర్పించినాయప్ప యాడమ్మా?"

"ఎవురు?"

"సాల్మన్. నా పేరు ఆశీర్వాదం. ఇద్దరం మిలిటరీలో ఒకే జట్టు. ఊరూరా ఎతుకుతాండా."

రాణి చీపురు కింద పెట్టింది. "తరిమేసినాం," అంది. "ఎట్ల పోయినాడో కూడా తెలీదు."

"తెలీదులే. జాడ లేకుండా పోయే పనికే సర్కారు ఆయప్పకు జీతమిచ్చింది."

అతను అరుగు మీద కూలబడ్డాడు.

"సరిహద్దులో ఇసుకలో ఉంటిమి. పైన అవతలోళ్ళ ఉపగ్రహం తిరిగేది. మేం మందిగా నడిస్తే ఇసుకలో గీత మాదిరి దారి పడేది. ఆ దారి ఫోటోలో కనపడిందంటే గుండు నేరుగా మా మీదికే. వెనక నుంచి దాన్ని తుడిచే పని సాల్మన్‌ది. ఇప్పుడు, ఒక్క మనిషి అడుగు అంత పైకి కనపడదు సాల్మనూ అంటే వినడు. ఆ కొలువంతా అయిపోయింది, ఇంటికి రారా అంటే, అది ఇంకా తిరుగుతానే ఉండాది కదా అంటాడు."

రాణి ఝాన్సీని దగ్గరికి లాక్కుంది.

"ఊర్లో ఇంతమంది ఉంటే నా బిడ్డ వెనకే యాల పడినాడు?"

ఆశీర్వాదం పిల్ల వంక చూశాడు.

"ఆయప్ప ఎవురి వెనక పడితే వాళ్ళ వెనక నడిచేటోడు కాదమ్మా," అన్నాడు. "మా జట్టులో అందరికన్నా చివర నడిచింది ఆయప్పే, ముందు నడిచిన మేమంతా, ఒక్కరూ తగ్గకుండా, ఇండ్లు చేరినాం."