లియోటా పూలమడిలో ఉడతలు

"బావా, నువ్వలా గుడ్లప్పగించి చూసినంత మాత్రాన ఆ ఫోను మోగదు," అన్నాడు ఎల్డన్ కాఫీ కప్పు కింద పెడుతూ.

"నేను చూస్తున్నది క్యాలెండరు," అన్నాడు వెర్లిన్.

క్యాలెండరులో మే పదకొండు. గత నాలుగేళ్లూ ఈపాటికి పక్కింటి లియోటా ఫోన్ చేసేసింది. ఏటా ఒకటే ఫిర్యాదు. "వెర్లిన్ గారూ, మీ వాల్‌నట్ చెట్టు కాయలు ఉడతలు తెచ్చి నా పూలమడిలో పాతేశాయి. మొలకలొచ్చాయి. మీరొచ్చి తీసుకుపోతే నా టమాటాలు బతుకుతాయి." నల్ల వాల్‌నట్ వేరు పాకిన చోట టమాటా మొక్క వాడి చస్తుందని ఆ మిజోరీ కొండల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఫిర్యాదు రావడం ఆలస్యం, వెర్లిన్ నున్నగా గడ్డం గీసుకుని, పొడుగుపార భుజాన వేసుకుని బయలుదేరేవాడు. పార లేకుండా వెళ్లడానికి లేదు. భార్య పోయి ఏడేళ్లయిన మగవాడు పనిముట్టు చేతపట్టకుండా భర్త పోయిన ఆడమనిషి వరండా మెట్లెక్కితే, ఆదివారం చర్చి విడిచేలోగా ఊరంతా కలిసి పెళ్లి తేదీ ఖాయం చేసేస్తారు.

మొలక పైకి జానెడే కనిపించినా కింద వేరు మూరెడు దిగి ఉంటుంది. అది తెగకుండా నిదానంగా తవ్వి, తడి గోనెలో చుట్టి, ఆ పూటే వాగు గట్టున నాటాలి. "రోజుకు మూడుకు మించి తవ్వకూడదండీ, నేల బెదురుతుంది," అని వెర్లిన్ ఆవిడకు చెప్పేవాడు. అలాంటి నియమం ఆ జిల్లాలో ఏ రైతూ ఎరగడు. పన్నెండు మొలకలకు నాలుగు రోజులు పట్టేది. రోజూ పనయ్యాక లియోటా వరండాలో కాఫీ, స్ట్రాబెర్రీ కేకు, బోలెడు కబుర్లు. ఏడాది మొత్తంలో వెర్లిన్ హాయిగా బతికేది ఆ నాలుగు రోజులే.

చర్చివాళ్ల చేపల విందుకు తనతో రమ్మని అడుగుదామని ఏటా అనుకునేవాడు. తీరా నాలుగో రోజు వచ్చేసరికి నోట్లో కేకు ఉండేది. మాట ఉండేది కాదు.

"ఈ ఏడాది మొలకలు రావురా," అన్నాడు దిగులుగా.

"ఎందుకు రావు? మోకాలి ఆపరేషనై అక్టోబరంతా నువ్వు మంచం దిగలేదు. కాయలు ఏరే దిక్కు లేదు. ఉడతలకు పండగే. ఆవిడ మడి ఈపాటికి అడవైపోయుంటుంది."

"చెట్టు కిందే రాశులు పడుంటే పక్కింటికి ఎందుకు మోస్తాయి?"

"ఉడతల మనసు నీకెలా తెలుసు?"

"తెలుసులే."

"పోనీ ఊరికే వెళ్లి కూర్చో. నీకు డెబ్బై ఒకటి, ఆవిడకు అరవై ఎనిమిది. ఎవరేమంటారు?"

"ముందు నీ పెళ్లామే అంటుంది."

ఇంతలో ఫోను మోగింది. కొత్త మోకాలు సంగతి మరిచిపోయి వెర్లిన్ ఒక్క గంతులో అందుకున్నాడు.

"వెర్లిన్ గారూ, కాలెలా ఉంది? పార పట్టగలరా?" అంది లియోటా. "ఈ ఉడతలకు బొత్తిగా సిగ్గు లేకుండా పోయింది. ఈసారి ఇరవై నాలుగు మొలకలు."

"ఇరవై నాలుగా? మీ మడిలోనా?"

"నా మడిలోనే. రోజుకు మూడేగా మీ లెక్క? ఎనిమిది రోజుల పని."

వెర్లిన్ ఆ కంగారులో గడ్డం రెండుచోట్ల కోసుకున్నాడు. వెళ్లి చూస్తే మాట నిజమే. గులాబీల మధ్య, కంచె వార, ఆఖరికి మెట్ల పక్కన కూడా లేత ఆకులు. ఆయన వాటిని ఒక్కొక్కటే వేలితో తాకి చూశాడు.

"అంత వింతగా చూస్తారేం? ఏటా వచ్చేవేగా?" అంది లియోటా.

"అవుననుకోండి," అంటూ పార దించాడు.

మూడు మొలకలు తవ్వేసరికి మోకాలు మొరాయించింది. గోనె ఆవిడే తడిపింది, ఆవిడే చుట్టింది. వరండాలో కేకు ముందుకొచ్చింది. వెర్లిన్ దాన్ని ముట్టుకోలేదు. అక్టోబరంతా మంచంలో పడుకుని ఆయన ఒక సంగతి గట్టిగా అనుకున్నాడు. ఈసారి మొదటి రోజే అడిగేయాలి, తర్వాత ఏమైతే అదవుతుంది.

"లియోటా గారూ, శనివారం చేపల విందుకు నాతో వస్తారా? పార తీసుకురాను."

ఆవిడ కేకు ఇంకో ముక్క కోసి ఆయన పళ్లెంలో పెట్టింది.

"ఎన్నింటికి?"

"ఆరింటికి."

"ఐదున్నరకే రండి. ముందు వరస బల్ల దగ్గర కూర్చుందాం, అందరికీ కనిపిస్తాం."

వెర్లిన్‌కు ప్రాణం లేచొచ్చింది. సంతోషం దాచుకోవడానికి మడి వైపు తిరిగి ఏదో ఒకటి అన్నాడు.

"ఈసారి ఉడతలు తాగి నాటినట్టున్నాయండీ. అన్నీ వంకరటింకరే."

లియోటా ఆయన కప్పులో తీరిగ్గా కాఫీ పోసింది.

"మీరు నాటినంత తిన్నగా నాటడం నాకు చేతకాలేదు."